మా క్వైరుకు పట్టిన తామర

ఆ వానకాలంలో నా నడుముకు కుడిపక్క, బెల్టు ఆనే చోట, రూపాయి బిళ్లంత ఎర్రటి చుట్టు ఒకటి లేచింది. అంచు కొంచెం ఉబ్బి, పొలుసులు పొలుసులుగా ఉంది. మధ్యలో మామూలు చర్మమే. నేను హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్తాను. శిలీంధ్రాల పాఠం పదిహేనేళ్లుగా చెప్తున్నాను. తామర ఎట్లా ఉంటుందో బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీసి మరీ చూపించే మనిషిని. అయినా అద్దం ముందు అంగీ ఎత్తి పట్టుకొని "బెల్టు రాసుకున్నట్టుంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. బెల్టు మార్చాను. అది పెద్దదయింది.

నా భార్య ఒకసారి చూసి, "తామరే అది. చర్మం డాక్టరుకు చూపించుకో" అంది.

"తామరకు డాక్టరా? నవ్వుతరు."

"ఎవరు నవ్వుతరు? డాక్టరుకు అదే పని."

నేను వినలేదు. చర్చి వెనక సందులో మాకు తెలిసిన మెడికల్ షాపు ఉంది. ఆ షాపాయనే నేను పాటలు పాడే మా చర్చి క్వైరులో కీబోర్డు వాయిస్తాడు. చుట్టరికం ఏమీ లేకున్నా అందరం ఆయనను బావ అనే పిలుస్తాం. నేను గల్లా దగ్గర నిలబడి, పక్కన ఎవరూ లేరని చూసుకొని, "బావా, జర జిల పుడతాంది" అన్నాను. ఎక్కడ, ఎప్పటి నుంచి అని ఆయన అడగలేదు. నా ముఖం కూడా చూడలేదు. వెనక్కి చెయ్యి పెట్టి ఒక ట్యూబు తీసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. "పొద్దుగాల, మాపటికి రాయి. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

రెండు రోజుల్లో దురద పోయింది. నాలుగో రోజుకు ఎరుపు కూడా పోయింది. నా భార్యను పిలిచి నడుము చూపించి, "చూసినవా?" అన్నాను. మలాం మానేసిన పది రోజులకు చుట్టు తిరిగి వచ్చింది. ఈసారి ఒక్కటే రాలేదు, పక్కన పిల్ల చుట్టును కూడా తెచ్చుకుంది. మళ్లీ ట్యూబు, మళ్లీ మాయం, మళ్లీ ప్రత్యక్షం. మూడో ట్యూబు నాటికి అంచులు చెరిగిపోయి, అది తామరలా కూడా కనబడడం మానేసింది. మా పాత వరంగల్ జిల్లాను ఆరు ముక్కలు చేసినట్టు నా నడుమును కూడా ఎవరో పునర్వ్యవస్థీకరించారు. ఒక ముక్క వీపు మీదికి, ఒకటి తొడ మీదికి, ఒకటి చెప్పుకోలేని చోటికి పోయింది.

ఇక్కడ మా క్వైరు సంగతి చెప్పాలి. మేము పన్నెండు మందిమి. మమ్మల్ని నడిపించే ఆమె ఒక బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. అందరికీ క్వైరక్క. పాడేటప్పుడు ఎవరూ కదలకూడదని ఆమె నియమం. చేతులు పక్కకు, గడ్డం పైకి, ఈగ వాలినా తోలొద్దు. ఆమె అన్న బస్సు డ్రైవరుగా చేసి దిగినాయన. క్వైరులో అందరికంటే కింది స్థాయిలో పాడే అడుగు గొంతు ఆయనదే. ఆయనను పెద్దన్న అంటాం. భార్య పోయినప్పటి నుంచి ఆయన చెల్లె ఇంట్లోనే ఉంటాడు.

క్వైరుకు పన్నెండు గౌన్లు ఉన్నాయి. ముదురు ఎరుపు, మందపు బట్ట, మెడ నుంచి మడమ దాకా. ఫలానా గౌను ఫలానావాళ్లది అని లేదు. ఆదివారం గుడి వెనక గదిలో బీరువా తెరిచి ఎవరి చేతికి ఏది వస్తే అది తొడుక్కోవడమే. ఆరాధన అయ్యాక, చెమటతో తడిసినదాన్ని అట్లాగే మడిచి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. మళ్లీ వచ్చే ఆదివారమే తాళం తీసేది. ఆ వానకాలంలో బీరువా తెరిస్తే నానబెట్టి మరిచిపోయిన బియ్యం వాసన వచ్చేది. మేము ముక్కు మూసుకొని తొడుక్కొని, బయటికి పోయి స్తుతిగీతాలు పాడేవాళ్లం.

ఆ మందపు గౌను లోపల నా జిల్లాలన్నీ ఒకేసారి మండేవి. గోకలేను, గోకకుండా ఉండలేను. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. పాటలో లీనమైనట్టు మెల్లగా కుడికి ఒరిగితే గౌను లోపలి కుట్టు నడుముకు రాసుకుంటుంది. ఎడమకు ఒరిగితే వీపుకు. అట్లా కళ్లు మూసుకొని ఊగేవాణ్ని. క్వైరక్క తిడుతుందని భయపడ్డాను కానీ ఆమె ఏమీ అనలేదు. కొన్ని వారాలకు నా పక్కన పాడే ఎలక్ట్రీషియన్ తమ్ముడు కూడా ఊగడం మొదలుపెట్టాడు. తరువాత ఆడవాళ్ల వరుస. తరువాత అక్కే.

చర్చి మొత్తానికి అది కనబడింది. ఒక ఆదివారం మా పాస్టరయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి, మా వైపు చెయ్యి చూపి, "ఈ మధ్య మన క్వైరును చూస్తున్నరా? పెదవులతో పాడుతలేరు, దేహమంతటితోని పాడుతున్నరు" అన్నారు. ముందు వరుసలో ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఆ వారం రిహార్సలులో క్వైరక్క దాన్ని అధికారికం చేసింది. రెండో చరణంలో కుడికి, మూడో చరణంలో ఎడమకు, అందరూ ఒకేసారి.

నాకు మాత్రం లోపల పెద్ద బాధ. వీళ్లంతా నిజంగా కదిలిపోయి పాడుతున్నారు, నేనొక్కణ్నే దురద కోసం ఊగుతున్నాను అనుకునేవాణ్ని. గుడిలో అందరి మధ్య వేషధారిని నేనొక్కణ్నే. ఒక రాత్రి ప్రార్థనలో ఆ సంగతి దేవునికి ఒప్పుకున్నాను కూడా.

మూడో నెలలో నా భార్య మోచేతి మడతలో చుట్టు కనిపించింది. మా ఇద్దరికీ బాత్రూంలో ఒకే తువ్వాల. ఆమె నా ముందు చెయ్యి చాపి, "ఇగో, నీ కానుక" అంది. ఆ శనివారం నేను బనియన్ తొడుక్కునేలోపే ఆటో పిలిచింది.

హనుమకొండలో ఆ చర్మం డాక్టరు దవాఖాన మొదటి అంతస్తులో ఉంది. మేము మెట్లెక్కి టోకెను తీసుకొని హాల్లోకి అడుగు పెట్టేసరికి, ఎదురుగా కుర్చీలో క్వైరక్క కూర్చొని ఉంది. ముఖానికి కళ్లు తప్ప ఏమీ కనబడకుండా స్కార్ఫు చుట్టుకుంది. పక్కన పెద్దన్న. నేనే ముందు పలకరించాను.

"వందనాలక్కా. మీరిక్కడ?"

"మా చిన్నమ్మ మనవరాలికి మొటిమలు" అంది అక్క. "అడిగిపోదామని వచ్చిన."

మనవరాలు ఎక్కడా లేదు. నేనూ తక్కువ తినలేదు. "మా ఆవిడకు చేతి మీద ఏదో లేచింది. తోడొచ్చిన" అన్నాను. నా భార్య నా వైపు చూసిన చూపును ఇప్పటికీ మరిచిపోలేదు.

"నేను చెల్లెను స్కూటర్ మీద తెచ్చిన" అన్నాడు పెద్దన్న. ఆ హాల్లో ఆ రోజు నిజం చెప్పింది ఆయనొక్కడే.

ఇంకో పది నిమిషాలకు ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చాడు. మమ్మల్ని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. తరువాత పైకి చూసి, "ఫ్యాను రిపేరని ఫోన్ చేసిన్రు" అన్నాడు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరుగుతోంది. చేతిలో పద్నాలుగో నంబరు టోకెను ఉంది. ఆయన వెనకే ఆడవాళ్ల వరుసలో పాడే అక్కాచెల్లెళ్లిద్దరు వచ్చి, ఇక్కడ బాత్రూం ఉంటదేమోనని ఎక్కామన్నారు. బ్యాంకులో పనిచేసే ఇంకొకాయన తలుపు సందులోంచి చూసి వెనక్కి తిరగబోయాడు. పెద్దన్నే కేకేసి పిలిచాడు. "రా తమ్మీ రా, మనోళ్లే అందరు!"

నా భార్య కాక క్వైరువాళ్లం ఏడుగురం ఒక గోడకు వరుసగా కూర్చున్నాం. అంతా గోడ మీద గోళ్ల జబ్బుల పటం చూస్తున్నాం. చివరికి క్వైరక్క సంచిలోంచి పాటల పుస్తకం తీసింది. "ఎట్లనూ అందరమున్నం. రేపటి పాట ఒకసారి చూసుకుందాం" అంది. ఏం చెయ్యాలో తెలియక పాడాం. మెల్లగానే పాడాం. రెండో చరణం రాగానే అలవాటు కొద్దీ ఏడుగురం కుర్చీల్లో కుడికి ఒరిగాం. ఎదురుగా తొర్రూరు దిక్కు నుంచి వచ్చిన రైతొకాయన, కాలి పగుళ్లకు వచ్చాడట, చాలా శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక కాంపౌండరును అడిగాడు, "మంచిగున్నది. డాక్టరమ్మ పెట్టిచ్చిందా?"

తరువాత టోకెన్లు పిలిచారు. వంతు వచ్చినవాళ్లంతా "ముందు మీరు పోండి" అంటూ పక్కవాళ్లను పంపడంతో, చివర వచ్చిన బ్యాంకాయనే ముందు పోయాడు, తరువాత అక్కాచెల్లెళ్లు, ఆ తరువాత మేము. డాక్టరమ్మకు ముప్పై అయిదు దాటి ఉండవు. నా భార్య చెయ్యి చూసింది. తరువాత నన్ను అంగీ ఎత్తమంది. నేను "నాకేం లేదండి" అంటుండగానే నా భార్య ఎత్తేసింది.

"ఏ ట్యూబు రాస్తున్నరు?"

నేను జేబులోంచి తీశాను. డాక్టరమ్మ దాన్ని టేబుల్ మీద పెట్టింది. అక్కడ అప్పటికే అదే ట్యూబు ఇంకా మూడు ఉన్నాయి. ఆమె నాలుగింటినీ చూసి, మమ్మల్ని చూసి, "మీరంతా ఒకే ఇంట్ల ఉంటరా?" అంది.

"లేదండి. ఒకే క్వైరు."

"ఏమేం పంచుకుంటరు?"

"గౌన్లు" అన్నాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తలుపు తీసి బయటికి తల పెట్టి, "పాట పాడినోళ్లంతా లోపలికి రాండి" అంది.

ఆ చిన్న గదిలో అందరం గోడలకు ఆనుకొని నిలబడ్డాం. మూడు నెలల రహస్యాలన్నీ రెండు నిమిషాల్లో బయటపడ్డాయి. నేను పక్కవాళ్ల ముఖాలు చూశాను. వాళ్లు నా ముఖం చూశారు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు మెల్లగా, "అన్నా, అంటే నువ్వు ఊగుడు..." అని ఆగిపోయాడు. "నీదీ అంతేనా?" అన్నాను. క్వైరక్క నేల చూపులు చూస్తూ, "నేను మాత్రం మీరంతా నిజంగ కదిలిపోతున్నరనే అనుకున్న" అంది. నాకు ఎందుకో ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వేషధారిని నేనొక్కణ్నే కానందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

డాక్టరమ్మ నా నడుము మీది పొలుసును చిన్న బ్లేడుతో గీకి, గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు పోసి, కొంతసేపయ్యాక సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నేను జీవశాస్త్రం చెప్తానని తెలిసి చూడనిచ్చింది. సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా. పదిహేనేళ్లు బోర్డు మీద గీసింది నా ఒంటి మీది నుంచే తీసి చూపించారు.

"ఈ ట్యూబుల స్టెరాయిడ్ ఉంటది" అంది డాక్టరమ్మ. "ఎరుపు, దురద రెండు రోజుల్ల పోతయి. పోయిందనుకుంటరు. ఫంగస్ మాత్రం హాయిగ లోపల పెరుగుతది. చిన్న చుట్టు ఒకటి లేస్తే ఉత్త ఫంగస్ మందు రాసి రెండు వారాలు చూడొచ్చు. తగ్గకపోతే, పోయి మళ్లొస్తే, ఇంట్ల ఇంకొకరికి అంటుకుంటే, ముఖానికో గోళ్లకో తలకో పాకితే ఇగ సొంత వైద్యం బంద్. అప్పుడే రావాలె. మీరేమో మూడు నెలలు పాటలు పాడిన్రు."

తరువాత క్వైరక్కను స్కార్ఫు తియ్యమంది. అక్క బుగ్గలు కాలినట్టు ఎర్రగా, సన్నటి నరాలు తేలి, చిన్న చిన్న పొక్కులతో ఉన్నాయి. మెడ మీది తామరకు రాసిన మలాం చేతికి మిగిలితే ముఖానికి పూసుకుందట. మొదట్లో ముఖం నిగనిగలాడింది, అందుకని రోజూ పూసింది. ఇప్పుడు ఎండలోకి పోతే మంట, మానేస్తే ఇంకా మంట. "దీనికి నిమ్మళంగ చెయ్యాలె, కొన్ని నెలలు పడతది" అంది డాక్టరమ్మ. వేల మంది పిల్లలను నిలబెట్టి అడిగిన అక్క తలవంచుకొని "సరేనమ్మా" అంది.

అందరికీ మందులు రాసింది. ట్యూబు మానెయ్యాలి, మానేసిన వారం మంట పెరుగుతుంది, భయపడొద్దు. చుట్టు కనబడే చోటే కాదు, దాని బయట రెండు వేళ్ల మేర రాయాలి. చర్మం మామూలుగా కనబడ్డా చెప్పినన్ని వారాలు ఆపొద్దు. ఎవరి తువ్వాల వాళ్లదే. బట్టలు ఎండలో ఆరాలి.

అందరం లేవబోతుంటే పెద్దన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదటి నుంచీ మా అందరినీ చూసి కొంచెం గర్వంగానే ఉన్నాడు. "నాకైతే ఏ జిలా లేదమ్మా. అదే గౌన్లు నేనూ ఏసుకుంటున్న" అన్నాడు. అంటూ చొక్కా చేతి మడత పైకి లాగాడు. మోచేతి కింద, అరచేయంత, చుట్టుపక్కల చర్మం కంటే తెల్లబారిన మచ్చ. "ఇదొక్కటున్నది, ఏడాది కాలం నుంచి. ఇది మంచిది. గోకదు, గుంజదు."

మేమంతా నవ్వాం. ఎలక్ట్రీషియన్ తమ్ముడు "పెద్దన్న మచ్చ బుద్ధిమంతురాలు" అన్నాడు. డాక్టరమ్మ నవ్వలేదు. డ్రాయరులోంచి దూది తీసి సన్నగా పురి పెట్టింది. "కండ్లు మూసుకోండి పెద్దాయనా. నేను ముట్టినప్పుడల్లా ముట్టిన చోట వేలు పెట్టి చూపించుండ్రి" అంది.

ముందు ముంజేతి మీద ఇంకో చోట తాకించింది. ఆయన సరిగ్గా చూపించాడు. తరువాత మచ్చ మీద తాకించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. పెద్దన్న కళ్లు మూసుకొని, ముఖంలో చిరునవ్వుతో, చూపుడువేలు సిద్ధంగా పైకెత్తి పట్టుకొని ఉన్నాడు. కొంతసేపటికి, "ఇగ ముట్టమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ ఆయనను ఉంచి మమ్మల్ని బయటికి పొమ్మంది.

ఆ తరువాతి సంగతులు రెండు దార్లు పట్టాయి. ఒకటి గౌన్లది. చర్చి పెళ్లిళ్లకు వాడే పెద్ద బగోనలో పన్నెండింటినీ వేసి, కట్టెల పొయ్యి మీద మరిగించాం. రంగు దిగింది. ప్రహరీగోడ మీద ఆరేసేసరికి పన్నెండు రకాల గులాబీ రంగులు వచ్చాయి. ఇస్త్రీ చేసి, మెడ దగ్గర ఎవరి గుర్తు వాళ్లం కుట్టుకున్నాం. మందులు వాడుతుంటే ముందు వారం డాక్టరమ్మ చెప్పినట్టే ఒళ్లంతా భగ్గుమంది. తరువాత నెమ్మదించింది. నాకు రెండున్నర నెలలు పట్టింది. మెడికల్ షాపు బావను అడగడానికి నేనే పోయాను. "అందరికీ ఇచ్చినవు, ఒక్కరికన్నా చెప్పకపోతివి?" అంటే, ఆయన చాలా గౌరవంగా, "ఎవరి రోగం వాళ్ల సొంతం. ఒకరిది ఒకరికి చెప్తనా?" అన్నాడు. ఆదివారాలు కీబోర్డు వెనక నుంచి మేము ఊగడం చూస్తూ, ఎవరెవరికి ఉందో తనొక్కడికే తెలిసి కూడా, తాళం తప్పకుండా వాయించాడట. మాట్లాడుతూనే మోకాలి వెనక గోక్కుంటున్నాడు. డాక్టరు చిరునామా రాసిచ్చి వచ్చాను. వారం తరువాత పోయాడు. ఆ ట్యూబు చీటీ లేకుండా ఇవ్వడం మానేశాడు.

చిక్కు చర్చిలో వచ్చింది. దురద పోయాక మేము మళ్లీ కర్రల్లా నిలబడి పాడసాగాం. ముందు వరుస ముసలమ్మలకు అది నచ్చలేదు. క్వైరు చల్లారిపోయిందన్నారు. ఒక సాయంత్రం పాస్టరయ్యగారు రిహార్సలుకు వచ్చి, మెల్లగా అడిగారు, "మీలో మీకేమన్న మనస్పర్థలొచ్చినయా?" అక్క, "వైద్యం చేయించుకున్నమయ్యగారూ" అంది. ఆయన అది ఆత్మీయమైన మాటే అనుకొని తలూపి పోయారు.

రెండో దారి పెద్దన్నది. ఆ శనివారం నేను మెట్ల కింద ఆయన కోసం ఆగాను. క్వైరక్క మందుల దుకాణంలో ఉంది. ఆయన దిగివచ్చి, నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆపుకొని, వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే నాకు అర్థమయింది.

"కుష్టట తమ్మీ" అన్నాడు. "షురూలనే దొరికిందట. ఆర్నెల్లు గోలీలు. సర్కారు దవాఖానల ఉత్తగనే ఇస్తరట. పూర్తిగ నయమైతదట."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ముట్టుకుంటే అంటుకోదని, మందు మొదలుపెడితే ఎవరికీ అంటే పరిస్థితే ఉండదని డాక్టరమ్మ చెప్పిందట. అయినా ఆయన, "మన బైబిలు గ్రంథంల ఎక్కడ చదివినా ఆ రోగమున్నోళ్లు ఊరవతలనే ఉంటరు కదా" అన్నాడు. తరువాత, "ఏడాది మంచి మచ్చ అనుకొని సాదుకున్న" అన్నాడు.

మొదటి నెల మందు అట్ట తేవడానికి ఆయనతో నేనూ పోయాను. సర్కారు దవాఖాన నర్సమ్మ చాలా మామూలుగా, జ్వరం గోలీలు ఇచ్చినట్టే ఇచ్చింది. కానీ ఒక మాట అంది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒకసారి వచ్చి చూపించుకోవాలి. అంటే పెద్దన్న చెల్లెకు చెప్పాలి. మూడు రోజులు ఇద్దరం కూర్చొని ఎట్లా చెప్పాలో మాటలు కూర్చాం. ముందు చర్మం గురించి మొదలుపెట్టాలి, తరువాత నరాల గురించి, ఆ పేరు చివర్లో రావాలి, అది కూడా ఇంగ్లీషులో. నేనే చెప్పాలి, ఆయన పక్కన కూర్చోవాలి.

సాయంత్రం నాలుగింటికి పోయాం. క్వైరక్క ముఖానికి తెల్లటి మందు రాసుకొని, బెండకాయలు కోస్తూ ఉంది. నేను గొంతు సవరించుకొని, "అక్కా, చర్మమంటే మనిషికి అన్నిటికంటే పెద్ద అవయవం" అని మొదలుపెట్టాను.

"పోయిన గురువారమే పోయి చూపించుకున్న" అంది అక్క, కత్తి ఆపకుండా. "నాకేం లేదన్నరు. ఏడాదికోసారి రమ్మన్నరు."

పెద్దన్న రెండడుగులు ముందుకేశాడు. "నీకెవరు చెప్పిన్రు?"

"డాక్టరమ్మ గది తలుపు ఉత్త పల్చటి పలక అన్నా. నలభై ఏండ్లు పిల్లల గొంతులు విన్న చెవులు నావి. వినకుండ ఎట్లుంటయి?" బెండకాయ ముక్కలు గిన్నెలోకి తోసి, అన్న వైపు మొదటిసారి తలెత్తి చూసింది. "గోలీ ఏసుకున్నవా?"

"తిన్నంక ఏసుకోమన్నరు."

"అయితే కూసో. కూర అయితాంది."

ఆయన కూర్చున్నాడు. నన్ను కూడా కూర్చోబెట్టారు. పీట చాలకపోతే నేను గడప మీద కూర్చున్నాను. నేను కూర్చిన పాఠంలో మిగిలిన ముక్క ఎవరూ అడగలేదు. పెద్దన్న ఆరు అట్టలూ ఒక్క రోజు తప్పకుండా వాడాడు. మచ్చ రంగు కొంచెం కొంచెంగా కలుస్తోంది. స్పర్శ పూర్తిగా రాకపోవచ్చని చెప్పారు. అందుకని పొయ్యి దగ్గర ఆ చేతిని జాగ్రత్తగా చూసుకొంటాడు. క్వైరులో అడుగు గొంతు ఇప్పటికీ ఆయనదే.